షాకిల్ కోసం బెజవాడ దాకా

రాఖీ పున్నమికి ఇంకా నలభై రోజులుందనంగా మా అన్న లారీకి ఎడమ దిక్కు వెనక షాకిల్ విరిగింది. మా గల్లీలోనే విరిగింది, పెద్ద రోడ్డు మీద కాదు. అదొక్కటే మా అదృష్టం.

మన షోలాపూర్‌లో ఆ పున్నమి నాడు మార్కండేయుని రథోత్సవం ఎట్ల జరుగుతదో పూర్వభాగంలో ఉన్నోళ్ళకు చెప్పే పని లేదు. భివండీలో, ముంబయిలో ఉన్నోళ్ళ కోసం ఒక మాట చెప్తా. మా గల్లీ వాళ్ళం ఊరేగింపుకు మగ్గం లారీ తీస్తం. లారీ మీద నిజం మగ్గం ఉంటది, దాని మీద ఒక మనిషి నేసుకుంట పోతడు. చుట్టూ పిల్లలు కూసుంటరు. లారీ మా అన్నది. టాటా మెర్సిడిస్ బెంజ్ 1210, ముందుకు ముక్కు ఉన్న బండి. ముక్కు మీద ఇంకా మెర్సిడిస్ నక్షత్రమే ఉంది. టాటా వాళ్ళు జర్మనీ కంపెనీతో కలిసి 1954 నుంచి లారీలు చేసిండ్రు, 1969లో ఆ పొత్తు అయిపోయినంక నక్షత్రం పోయి టీ అక్షరం వచ్చింది. అంటే బండి వయసు మీరే లెక్క కట్టుకోండి.

అన్న పోయి మూడేండ్లయింది. లారీని ఆయన కొడుకు చూసుకుంటడు. వానికి స్కూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. లారీ కిరాయికి పోదు, ఏడాదికి ఒక్కసారి ఈ పనికే బయటికి తీస్తం.

ఆ రోజు మగ్గం ఎక్కించి గల్లీ చివరి దాకా నడిపి చూద్దామన్నరు. పిల్లలు ఎక్కకుంట ఉంటరా? స్పీడ్ బ్రేకర్ దాటంగనే ఠప్పుమని చప్పుడయింది. బండి ఎడమకు ఒరిగింది. మగ్గం జానెడు జారి పక్క చెక్కకు తగిలింది. మగ్గం కాలు మా మనవరాలి చెప్పు మీద పడ్డది. చెప్పు నలిగిపోయింది. చెప్పులో కాలు లేదు, పిల్ల అప్పుడే కాళ్ళు ముడుచుకొని కూసుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

షాకిల్ అంటే ఏందో మన ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా తెలియాలె, అందుకని చెప్తా. లారీ ఇరుసు పైన వంగిన ఉక్కు పట్టాలు ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటయి. కమాన్ కట్ట అంటం. దాని ముందు కొసను చాసిస్ కింద బ్రాకెట్టుకు పిన్నుతో బిగిస్తరు. వెనక కొసను కూడా అట్లనే బిగిస్తే బండి నడవది. ఎందుకంటే బరువు పడితే వంపు తగ్గి పట్టా పొడుగు సాగుతది, ఆ సాగేదానికి జాగా కావాలె. అందుకే వెనక దిక్కు రెండు చిన్న ఇనుప పలకలను ఉయ్యాల లెక్క వేలాడదీసి, వాటి కింది కొసకు పట్టా చెవిని పిన్నుతో తగిలిస్తరు. పట్టా సాగినప్పుడు ఆ ఉయ్యాల వెనక్కి ఊగుతది, తగ్గినప్పుడు ముందుకు వస్తది. అదే షాకిల్. మన అరచేయి కన్నా పెద్దది కాదు.

నేను మిల్లులో, అది మూతబడినంక పవర్‌లూమ్ కార్ఖానల్లో, మొత్తం నలభై ఏండ్లు మగ్గాల నడుమ ఉన్నోణ్ణి. జాబర్ పని చేసిన. మగ్గంలో లగ్ స్ట్రాప్ అని ఒక పట్టీ ఉంటది, పికింగ్ స్టిక్‌ను గుంజేది అదే. అది వేలెడు అటో ఇటో అయితే నాడె అవతలి దరికి పోదు, లేకుంటే పోయి ఎగిరి మనిషి మీద పడుతది. అందుకని నడుమ ఉండే చిన్న వస్తువును నేను ఎప్పుడూ తక్కువ చూడను.

తప్పు ఎవరిదో నాకు అప్పుడే తెలిసిపోయినట్టు అనిపించింది. రెండేండ్ల కింద పిల్లగాడు అన్న వేయించిన బరువు పట్టాలు తీసి, ఒక చిన్న లారీవి పలుచటి పట్టాలు వేసిండు. నేను వద్దన్న. "కాకా, ఖాళీ బండికి ఆ మొద్దు పట్టాలు ఊగవు, గుంత పడితే పడుగు దారాలు తెగుతున్నయి" అన్నడు వాడు. మీ నాయన పెట్టింది పెట్టినట్టు ఉంచరాదా అని నేను అన్న. అప్పటి నుంచి మా ఇద్దరి నడుమ మాటలు తక్కువ. ఇప్పుడు విరిగిన షాకిల్ చేతిలో పట్టుకొని వాడు నిలబడితే నేను ఏమీ అనలే. అనకపోవుడే ఎక్కువ అన్నట్టు అయింది.

గల్లీలో పెద్దమనుషులు కూసున్నరు. కొత్త టెంపో కిరాయికి తెద్దామని కొందరన్నరు. మా వదిన గడప మీద బీడీలు చుట్టుకుంట వింటున్నది. "పదిహేను రోజులు చూడుండ్రి" అన్నది, అంతే. ఆమె మాట ఎవరూ కాదనలే.

విరిగిన షాకిల్ కొత్తది కాదు, అసలుది కూడా కాదు. ఎవరో ఇనుప పట్టీని గ్యాస్‌తో కోసి బెజ్జాలు పెట్టి చేసినది. పై బెజ్జం దగ్గర పగులు. షోలాపూర్‌లో పాత సామాన్ల దుకాణాలు నాలుగు తిరిగిన. ఒకాయన మరాఠీలో నవ్వుకుంట, ఈ బండి సామాను అడిగినోడు పదేండ్లలో నువ్వే అన్నడు. ఇంకొకాయన మందం పట్టీతో మళ్ళీ చేసి ఇస్తనన్నడు. మందం పెంచితే పగులు ఇంకో చోటికి పోతది కదా అని నేను రాలే. హైదరాబాద్‌లో మా బామ్మర్దికి ఫోన్ చేస్తే, తిరిగి తిరిగి చివరికి అక్కడికే పోతవు గాని ముందే బెజవాడ ఆటోనగర్ పో అన్నడు.

సరే అని విరిగిన ముక్కలను తువాలలో చుట్టి, జాకీ మీద బండి లేపి కొలతలు రాసుకొని, రాత్రి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. రైలు వాడి, సికింద్రాబాద్, కాజీపేట మీదుగా పోయి మర్నాడు బెజవాడలో దింపింది. తువాల మన షోలాపూర్‌దే. పక్క సీటాయన దాన్ని చూసి మీరు షోలాపూరా అని అడిగిండు. మనిషికన్నా ముందు మన తువాలను గుర్తుపడతరు, అదొక సంతోషం.

ఆటోనగర్ గురించి విన్నది వేరు, చూసింది వేరు. ఊరిలో రోడ్ల మీద చెల్లాచెదురుగా ఉన్న బండ్ల పనోళ్ళందరికీ ఒక్కచోట జాగా ఇచ్చి 1966లో మొదలుపెట్టిన పేట అది. నేను ఒక బజారు అనుకున్న. బజారు కాదు, ఊరే. మన మిల్లులో ఖాతాలు ఎట్ల ఉండేవో అట్ల ఉంది. బ్లోరూమ్, కార్డింగ్, స్పిన్నింగ్, సైజింగ్, లూమ్ షెడ్ ఒకదాని వెనక ఒకటి ఉండేవి కదా. ఇక్కడ ఒక వీధిలో అంతా బాడీలు కట్టేటోళ్ళు, ఒక వీధిలో రేడియేటర్లు, ఒక దిక్కు లేత్ మిషన్లు, ఒక దిక్కు సీట్లు కుట్టేటోళ్ళు, టార్పాలిన్లు, పేర్లు రాసే పెయింటర్లు. ఎముకల లెక్క ఒట్టి చాసిస్ ఒక కొసన వస్తది, ఇంకో కొసన పెండ్లికొడుకు లెక్క బయటికి పోతది. తేడా ఏందంటే మిల్లులో భోంగా ఒకటే మోగేది, ఇక్కడ ఎవరి సుత్తి వాళ్ళదే. నేను మధ్యాహ్నం దాకా కొనకుంట ఊరికే తిరిగిన. కాళ్ళు నొచ్చినయి గాని కండ్లకు ఆకలి తీరలే. నడుస్తున్న మిల్లు చూసి ఎన్నేండ్లయిందో.

కమాన్ పట్టాల కొట్లు ఒక్కచోటే ఉన్నయి. కొలిమిలో పట్టా ఎర్రగ కాల్చి, ఇద్దరు పట్టుకొని వంపు సాపు చేస్తున్నరు. కింద సిమెంటు మీద సుద్దముక్కతో వంపు గీసి పెట్టుకున్నరు, ఆ గీత మీద పట్టా ఆనించి చూస్తరు. తేడా ఉంటే మళ్ళీ కొలిమి. తర్వాత నూనెలో ముంచుతరు. స్కేలు లేదు, కాగితం లేదు. గీతనే వాళ్ళకు అచ్చు.

మొదటి దుకాణంలో 1210వి పాత షాకిళ్ళు దొరికినయి. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతిలోకి తీసుకొని వేలు పెట్టి చూసిన. బెజ్జం గుండ్రంగ లేదు, కోడిగుడ్డు లెక్క అరిగింది. పైగా మా కింది పట్టా సన్నది, ఇవి వెడల్పు పట్టావి. రెండో దుకాణంలో కొత్తవి చూపించిండ్రు. మా విరిగినదాని కన్నా అంగుళంన్నర పొడుగు. పొడుగైతే ఊగే జాగా ఎక్కువ, విరగదు అని దుకాణదారు చెప్పిండు. వెడల్పు తేడా ఉంది కదా అంటే, "వాషర్లు వేసి నింపేయండి బాబాయ్ గారూ, అందరూ అదే చేస్తున్నారు" అన్నడు. పైకం తీయబోయిన. ఎందుకో చేయి ఆగింది. పక్కన కొలిమి దగ్గర ఒక ముసలి మేస్త్రి మా మాటలు వింటున్నడు, తల అడ్డంగ ఊపిండు.

ఆయన దగ్గరికి పోయి తువాల విప్పిన. ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"ఏ ఊరండీ మీది? మాట తెలంగాణా లాగుంది, మధ్యలో వేరే యాస వస్తోంది."

"షోలాపూర్. మా తాతలు నల్లగొండ దిక్కు నుంచి పోయిండ్రు."

"అట్టాగా. కొలతలు తెచ్చారా?"

కాగితం ఇచ్చిన. నా కొలతల మీద నాకు గర్వమే ఉండె. జాబర్ కొలత కదా. ఆయన చదివి అడిగిండు: "ఇయ్యి బరువు మీద కొలిచారా, జాకీ మీద కొలిచారా?"

జాకీ మీదనే అన్న. జాకీ మీద చక్రం వేలాడుతుంటే పట్టా ముడుచుకొని ఉంటది, బండి అట్ల నడవదు కదండీ అన్నడు. అప్పుడు నా మొహం మీరు చూడాల్సింది. దారం లేని మగ్గాన్ని సరిచేసి, బాగా నడుస్తదని చెప్పినట్టు అయింది నా పని.

పిల్లగానికి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఏడాదిలో నేను వానికి చేసిన మొదటి ఫోన్ అదేనేమో. "మగ్గం ఎక్కియ్యి, మనుషులను ఎక్కియ్యి, నిలబెట్టి కొలువు" అని చెప్పిన. బండి చక్రాలకు దిమ్మెలు పెట్టు, విరిగిన దిక్కు వద్దు, కుడి దిక్కు కొలువు అని మేస్త్రి పక్కనుంచి చెప్పిండు. గంటసేపటికి వాని ఫోన్ వచ్చింది. పిల్లలను ఎక్కించలే, ఇసుక బస్తాలు వేసినం అన్నడు. మంచి పని చేసినవన్న. పట్టా రెండు చెవుల నడుమ ఖాళీగ ఉంటే 1150 మిల్లీమీటర్లు, బరువు మీద 1172. అంటే 22 మిల్లీమీటర్లు సాగుతున్నది. షాకిల్ ఎట్లున్నదిరా అని అడిగితే, "ఖాళీ బండికే వెనక్కి పండుకున్నది కాకా, బరువు వేస్తే మొత్తం ఒరిగి చాసిస్‌కు ఆనుతున్నది" అన్నడు.

మేస్త్రి సుద్దముక్క తీసి నేల మీద గీసి చూపించిండు. పిల్లగాడు వేసిన పట్టాలు పాతవాటి కన్నా కొంచెం పొడుగు. బ్రాకెట్లు మాత్రం కంపెనీ రివెట్లు కొట్టిన కాడనే ఉన్నయి. అందుకని షాకిల్ మొదలే వెనక్కి పండుకుంది. ఊగడానికి జాగా లేదు. గుంత పడితే పట్టా సాగలేక ఆ దెబ్బ అంతా షాకిల్ మీదనే పడ్డది. పైన బ్రాకెట్టు వెడల్పు, కింద పట్టా సన్నం, నడుమ వాషర్లు. పిన్ను నడుమ బరువు ఒక పక్కకు గుంజి పలక మెలి తిరిగింది.

"షాకిల్ తప్పేం లేదు పెద్దాయనా. ఆ జాగాలో ఏది పెట్టినా విరుగుద్ది."

పొడుగు షాకిల్ వేస్తే కాదా అని అడిగిన. కొంత సర్దుకుంటది గాని, షాకిల్ ఎంత పొడుగైతే బండి పక్కలకు అంత ఊగుతది అన్నడు. మీద మగ్గం ఉంది, పిల్లలున్నరు. పైగా షాకిల్ అంగుళం పొడుగైతే ఇరుసు దగ్గర బండి అరంగుళం లేస్తది. పట్టా ఒక కొసన బిగిసి ఉంటది, ఇంకో కొస లేస్తది, నడుమ ఉన్న ఇరుసుకు సగమే వస్తది. ఈ లెక్క నాకు వెంటనే ఎక్కింది, మగ్గంలో లీవర్ల లెక్క కూడా ఇదే.

మరి ఏం చేయాలె? పట్టాలు ఏ బండివో షాకిల్, పిన్ను, బుష్షు, బ్రాకెట్టు నాలుగూ ఆ బండివే తేవాలె. ఒక ఇంటి సామాను ఒక్కచోట ఉండాలె. పాత బ్రాకెట్లు తీసేయాలె.

అప్పుడు నేను ఆగిపోయిన. ఆ బ్రాకెట్లు కంపెనీవి. అన్న బండి కొన్ననాటి నుంచి అవే. ఏడాదికోసారి గ్రీసు కొట్టేటప్పుడు ఆయన వాటిని తువాలతో తుడిచేది. పాత పట్టాలే మళ్ళీ వేస్తే బ్రాకెట్లు ఉంచుకోవచ్చు కదా అని అడిగిన. ఆయన బండి ఏం పని చేస్తదని అడిగిండు. చెప్పిన. అది విని కాసేపు నవ్వి, "పది టన్నులు మోసే పట్టాల మీద నాలుగు క్వింటాళ్ళ మగ్గం పెడితే రాయి మీద పెట్టినట్టే. పట్టాలు మార్చినోడు బుద్ధిమంతుడే. బ్రాకెట్టు మార్చకుండా వదిలేసినోడే పని తెలీనోడు" అన్నడు.

ఇద్దరూ ఒక్కడే అని నేను చెప్పలే.

పాత ఇనుము వీధిలో ఒక చిన్న లారీని విప్పుతున్నరు. మేస్త్రి తన పనోణ్ణి తోడు పంపిండు. షాకిళ్ళు రెండు, బ్రాకెట్లు ముందువి వెనకవి కలిపి నాలుగు. ప్రతి బెజ్జంలో కొత్త పిన్ను పెట్టి ఊపి చూసినం, ఒకటి వదులుంటే వేరేది తీసుకున్నం. తొమ్మిది వేలన్నరు, 6,400కు వచ్చిండ్రు. పిన్నులు, బుష్షులు మాత్రం పాతవి కొనొద్దు, కొత్తవే కొన్న, 1,100 అయింది. పిన్నుకు గ్రీసు నిప్పిల్ ఉందో లేదో చూసుకొమ్మని మేస్త్రి చెప్పిండు. మాకు విరిగినదానికి అది లేనే లేదు. ఆయనకు పైకం ఇయ్యబోతే తీసుకోలే. మళ్ళీ వచ్చేటప్పుడు షోలాపూర్ దుప్పటి ఒకటి తెమ్మన్నడు. వెనక బ్రాకెట్టు ఎక్కడ పెట్టాల్నో బిల్లు వెనక గీసిచ్చిండు. బరువు మీద ఉన్నప్పుడు షాకిల్ దాదాపు నిలువుగ ఉండాలె, ఇంకా వెనక్కి ఊగే జాగా మిగలాలె. చాసిస్‌కు వెల్డింగ్ పెట్టొద్దు, బెజ్జాలు వేసి గట్టి బోల్టులు బిగియ్యాలె. ఈ రెండు మాటలు మూడుసార్లు చెప్పిండు.

సామాను బరువు, రైల్లో మోయలేను. పూణే దిక్కు పోయే లారీలో చెప్పి ఎక్కించిండ్రు, నన్ను కూడా. బెజవాడ నుంచి మన షోలాపూర్ దాకా ఒక్కటే రోడ్డు, ఇప్పుడు 65 నంబర్ అంటరు, ఇదివరకు 9. మచిలీపట్నంలో మొదలై పూణే దాకా పోతది. ఇన్నేండ్లు మా ఇంటికాడి నుంచి పోయే రోడ్డు కొస ఇక్కడిదని నేను ఆలోచించలే. కోదాడ, సూర్యాపేట దాటి నకిరేకల్ వచ్చేసరికి తెల్లారుతున్నది. మా తాత ఈ దిక్కు నుంచే పోయిండు. ఊరి పేరు తెలుసు గాని రోడ్డు మీద లేదు. డ్రైవర్ చాయ్‌కి ఆపితే కాసేపు చేల దిక్కు చూసిన, మళ్ళీ ఎక్కిన. హైదరాబాద్, జహీరాబాద్, హుమ్నాబాద్, నళదుర్గం. నళదుర్గం కోట కనబడితే ఇల్లు వచ్చినట్టే.

పిల్లగాడు సామాను దింపుకుంటుంటే చెప్పిన: "పలుచటి పట్టాలు వేసుడు మంచి పనే అంట. బ్రాకెట్టు కూడా మార్చేది ఉండె అంట."

వాడు బిల్లు వెనక గీత చూసుకుంట, "మార్చుదామనే అనుకున్న కాకా. నాయనవి అని తియ్యలే" అన్నడు.

దానికి నేను ఏం చెప్పాలె. పోయి గ్యాస్ కట్టర్ వానిని పిలుచుకొచ్చిన. రివెట్లు తెంపేటప్పుడు వదిన లోపలికి పోయింది. పని మూడు రోజులు పట్టింది. బరువు పెట్టి కొలిచి, తీసి, మళ్ళీ పెట్టి కొలిచినం. వెనక దిక్కు బండి కొంచెం లేచింది, మగ్గం ముందు కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టి సాపు చేసినం. ఇసుక బస్తాలతో స్పీడ్ బ్రేకర్ పదిసార్లు ఎక్కించి దింపినంక పిల్లలను ఎక్కనిచ్చిన.

పున్నమి నాడు పొద్దంతా నేసినం. పోయిన ఏడు పడుగు ఎన్నిసార్లు తెగిందో లెక్క పెట్టలే గాని ఈసారి పెట్టిన, మూడుసార్లు. కుడి దిక్కు పిన్ను సాయంత్రానికి కిర్రుమన్నది. గ్రీసు గన్ పిల్లగాని దుకాణంలో ఉంది, వారానికోసారి కొట్టమని చెప్పిన. పాత బ్రాకెట్లు రెండు వదిన దగ్గరున్నయి. తడిపిన తునికాకు కట్టల మీద బరువుకు పెట్టుకుంటది.